ఎల్బియో సీడీ మీద గీత

మాంటెవీడియోలో మాకు లెక్కలు చెప్పే నెలిదా మేడమ్ ఏటా క్లాసులో ఒక సీడీని మేకుతో గీకి, మళ్లీ పాడించి చూపిస్తారు. ఈసారి తెచ్చింది, పోయినేడు చనిపోయిన వాళ్లాయన ఎల్బియో పాడిన పాట.

“వేరే కాపీ ఉందా మేడమ్?” అన్నాను.

“లేదు. ఏం, మూడు నెలలుగా నేను చెప్పిందంతా నమ్మకుండానే రాసుకున్నావా?”

మధ్యనుంచి అంచుదాకా బరబరా గీసేశారు. నాకు ఒళ్లు మండింది. ఇదేం మనిషి అనుకున్నాను.

సీడీలో పాటకు కాపలాగా కొన్ని అదనపు అంకెలు ఉంటాయి. గీత మింగేసిన అంకెలేవో వాటినిబట్టి యంత్రమే లెక్కగట్టి పూరిస్తుంది. నేనే సీడీని ప్లేయర్లో పెట్టాను; పాట ఎక్కడా తెగలేదు. రెండో చరణంలో మాత్రం ఒకచోట గరగరమంది.

“అదిగో, అక్కడ లెక్క తప్పింది,” అన్నాడు పక్క బెంచీలోని విల్మార్, గెలిచినట్టు.

మేడమ్ చంకలోని మాతే టీ ఫ్లాస్కు కింద పెట్టారు. “తప్పలేదు నాయనా. అది ఆయన దగ్గు. ఆ రోజు జలుబు చేసింది. లెక్క దాన్ని కూడా పోనివ్వలేదు.”

నేను పాటను మొదటికి తిప్పబోయాను.

“మొదటికొద్దమ్మా,” అన్నారు మేడమ్. “ఆ దగ్గొచ్చే చోటికి తిప్పు.”