గ్రీన్ టీ పోసిన డబ్బా

పాల్ ముక్కు చచ్చిపోయి ఎనిమిదేళ్ళయింది.

సాలూరులో లారీ బాడీలకు రంగు కొట్టేవాళ్ళ ముక్కు ఎప్పుడో ఒకప్పుడు చచ్చేదే. ఒకడికి ముందు, ఒకడికి వెనక. థిన్నరు కలిపిన రంగు గన్నులోంచి పొగలా లేచి మొహం మీదికొస్తుంటే మూతికి కట్టుకున్న తువ్వాలు ఏపాటి ఆపుతుంది? పాల్ పదమూడో ఏట బడి మానేసి గరుకు కాగితం పట్టాడు. నలభై ఆరు వచ్చేసరికి కూర మాడినా, చేప మురిగినా, పక్కింట్లో ఎలుక చచ్చినా అతనికి ఒకటే. "మా ఆయనకి దేవుడు సగం బాధలు తప్పించీసినాడు" అని భార్య గ్లోరీ నలుగురిలో నవ్వేది.

రెండువేల పదహారు దసరా తరవాత గ్లోరీ ఆ మాట మళ్ళీ అనలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, షీబా. ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ అవగానే విశాఖపట్నంలో పట్టుచీరల షోరూములో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు చూస్తారు, నచ్చితే దసరా అయ్యాక పర్మినెంటు చేస్తారు, నచ్చకపోతే ఇంటికి. ఇంటికి అంటే ఏమిటో పాల్‌కి బాగా తెలుసు. గ్లోరీ అతను పనిచేసే షెడ్డులోనే బాడీలకు లప్పం పట్టించి, ఆరాక గరుకు కాగితంతో రుద్దేది. ఇరవై ఏళ్ళు రుద్దితే ఆవిడ వేళ్ళ మీద గీతలన్నవే మిగల్లేదు. రేషన్ షాపులో మిషను మీద వేలు పెడితే "మనిషి లేదు" అన్నట్టు ఎర్రలైటు వెలిగేది. ఆ షెడ్డులో ఆ గరుకు కాగితం తన పిల్ల చేతికి రాకూడదు. పాల్ దేవుణ్ణి అడిగింది ఆ ఒక్కటే.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ రద్దీలో ఒకరోజు షీబా ఫోన్ చేసింది.

"నాన్నా, మొహం పాడైపోతంది."

"ఏటయ్యిందమ్మా?"

"బుగ్గల మీద నల్లగా పొక్కులు లెగిసినాయి. మా హాస్టలు రేవుకి దగ్గర గదా, పొద్దున్న కిటికీ చెక్క మీద వేలు రాస్తే మసి. ఊరంతా పొగే, దుమ్మే. ఫ్లోర్ మేనేజరు నరసింగరావు గారు పిలిచి సెప్పీసినారు, దసరాలోగా తగ్గకపోతే కౌంటర్లో నిల్చోబెట్టనని."

"మొహానికీ చీరకీ ఏటమ్మా సమ్మంధం?"

"చీర అమ్మేటప్పుడు మా భుజమ్మీద యేసుకుని సూపించాల నాన్నా. కొనీవాళ్ళు చీర సూస్తూ మొహం కూడా సూస్తారు గదా."

పాల్‌కి ఆ మాట వెంటనే ఎక్కింది. లారీకి ఎంత మంచి రంగు కొట్టినా కింద లప్పం సరిగ్గా లేకపోతే ఓనరు ఒప్పుకోడు.

షీబాతో గదిలో ఉండే ధనలక్ష్మి ఫోనులో చూసి చెప్పిందట. పట్నం పొగకి సబ్బులూ క్రీములూ పైపైన పనిచేస్తాయి, రోజూ గ్రీన్ టీ తాగితే ఒంట్లో చేరిన చెడు పోయి చర్మం బాగుపడుతుంది అని. నరసింగరావు గారి టేబులు మీద కూడా రోజూ అదే గ్లాసు ఉంటుందట. ఇంకేం కావాలి? పాల్ ఆ సాయంత్రమే బజారులో పెట్టె కొన్నాడు. లోపల దారం కట్టిన చిన్నచిన్న సంచులు, రోజుకొకటి. సంచి చించి చూస్తే చిటికెడు పొడి.

"ఇది పిల్లకి ఏ మూలకి? పిట్ట పెంటంత లేదు" అన్నాడు గ్లోరీతో.

ఆ మాటే షెడ్డులో అంటే, సిలిగురి లైన్లో తిరిగే డ్రైవరు ఎర్రన్న పెద్దగా నవ్వాడు. "ఒరే బావా, టీ తోటల కాడికి ఎలతన్నోణ్ణి నన్నెట్టుకుని బజార్లో కొంతన్నావేటిరా? ఈ ట్రిప్పులో మూడు కేజీలు తెస్తాను. తోటలోది. ఆకు ఆకులా ఉంతాది."

తెచ్చాడు. మాట తప్పే మనిషి కాడు ఎర్రన్న. కాగితం సంచి చేతికిస్తూ ఒక్క జాగ్రత్త చెప్పాడు. "గాలి తగలనియ్యకు బావా. గాలి తగిల్తే దాని బలం పోతాది. బిర్రుగా మూత ఉన్నదాంట్లో పొయ్యి."

బిర్రుగా మూత ఉన్నది! రంగు డబ్బాని మించిన మూత లోకంలో ఉందా? మేకుతో ఎత్తితే తప్ప రాదు. సాలూరు షెడ్ల వాళ్ళ ఇళ్ళలో సామాన్లన్నీ రంగు డబ్బాల్లోనే. పాల్ ఇంట్లో తెల్లరంగు డబ్బాలో బియ్యం, ఎర్రరంగు డబ్బాలో కారం, నీలం డబ్బాలో ఉప్పు. డబ్బా ఖాళీ అయితే కడుక్కుని ఇంటికి తెచ్చుకోవడం పెయింటరు హక్కు. పాల్ ఈసారి కొత్త డబ్బా ఏరాడు. పిల్ల మొహం కోసం కదా, లోపల రంగు చుక్క ఉండకూడదు. అందుకని ఒకసారికి మూడుసార్లు, మడతమడతకీ గుడ్డ పెట్టి, మంచి థిన్నరుతో కడిగాడు. తరవాత సబ్బు. తరవాత రెండురోజులు ఎండ. వేలు పెట్టి తుడిస్తే అద్దంలా ఉంది. గ్రీన్ టీ పోసి, సుత్తితో చుట్టూ కొట్టి మూత బిగించాడు. తన చేత్తో ఇంత శుభ్రంగా ఇంకే డబ్బా కడగలేదనుకున్నాడు.

షీబా ప్రతి ఆదివారం ఆరాధనకి ఇంటికొచ్చేది. వెళ్ళేటప్పుడు వారానికి సరిపడా టీ కవరులో పోసి ఇచ్చేవాడు. మొదటి వారమే అంది పిల్ల. "నాన్నా, ఏటో వాసనొస్తంది."

పాల్ గ్లోరీ వైపు చూశాడు. అతనికి ముక్కు ఆవిడే. గ్లోరీ కవరు దగ్గర పెట్టుకుని, "మనింటి వాసనేనే" అని పక్కన పెట్టేసింది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? బియ్యానికీ అదే వాసన, దుప్పటికీ అదే, పక్కన పడుకున్న మొగుడికీ అదే. ఇరవై ఏళ్ళనుంచి పీలుస్తున్నదాన్ని వేరే వాసనని ఎవరంటారు?

"మందన్నాక వాసనెయ్యదేటమ్మా? ముక్కు మూసుకుని తాగీ" అన్నాడు పాల్.

రెండు వారాలకి పొక్కులు గెడ్డం మీదికి దిగాయి. మూడో వారానికి పెదాల పక్క చర్మం ఎర్రగా లేచి పొట్టు రాలింది. షీబా ఫోను తీసుకుని ఫొటో తీసి పంపితే, గన్ను పక్కన పెట్టి, వేళ్ళ రంగు లుంగీకి తుడుచుకుని పాల్ చూశాడు.

షెడ్డు మేస్త్రీ జగన్నాధం భుజం మీంచి తొంగిచూసి, "ఏట్రా పాలూ, నీ టీ తిరగబడ్డాదేటి? మీ పిల్లకి ప్రైమరు పడకుండానే రంగు కొట్టినట్టున్నావు" అన్నాడు. అందరూ నవ్వారు. మోటు పని చేసేవాళ్ళ నవ్వు మోటుగానే ఉంటుంది.

"ఊరి దుమ్ము ఎక్కువైపోతంది, డోసు సాలట్లేదు" అన్నాడు పాల్, తనకి తానే చెప్పుకున్నట్టు. ఆ రాత్రి పిల్లకి ఫోన్ చేసి రోజుకి మూడు గ్లాసులు తాగమన్నాడు. "నీళ్ళలో ముంచి తియ్యడం కాదు, బాగా మరగబెట్టు. నల్లగా దిగాల. సారం రావాల."

"సేదుగా ఉంతాది నాన్నా. నోరు పూసీసింది."

"నీ ఉజ్జోగం కోసం ఆ సేదు మింగలేవేటే? మీ అమ్మ వేళ్ళు సూసినావా?"

మర్నాటినుంచి షీబా మూడు గ్లాసులూ తాగింది.

మరుసటి ఆదివారం సంఘంలో పాస్టరమ్మ పిల్ల మొహం రెండుచేతులతో పట్టుకుని ప్రార్థన చేసింది. వెనక బెంచీలో బుల్లమ్మ, "పట్నం ఎల్తే అంతే మరి, తెల్లగా ఎల్లి బొగ్గులా వచ్చింది" అని పక్కావిడతో గొణిగితే అది పాల్ చెవిన పడింది. ముక్కు చచ్చిందిగాని చెవులు బాగానే పనిచేస్తాయి అతనికి. చావనిది ఒక్కటైనా ఉండాలిగా బాధపడ్డానికి.

దసరా ఇక పది రోజులు. సోమవారం పొద్దున్నే పాల్ పని మాని, కూతుర్ని తీసుకుని గజపతినగరం మీదుగా బస్సులో విజయనగరం వెళ్ళాడు. చర్మం డాక్టరమ్మ పేరు ఎవరో చెప్పారు. షీబా చున్నీ మొహానికి చుట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సులో ఒక చంటిది ఆమెని చూసి ఏడిస్తే, చున్నీ ఇంకొంచెం పైకి లాక్కుంది.

డాక్టరమ్మ బల్లదీపం దగ్గరికి జరిపి చూసింది. నోరు తెరవమంది. నాలిక ఎత్తమంది.

"బుగ్గల మీదవి పాతవి. అవి దుమ్ముకీ చెమటకీ వచ్చుంటాయి. అవి పోయేవే. ఈ మూతి చుట్టూ, నోట్లో ఉన్నవి వేరు. లోపలికి ఏదో పడనిది వెళ్తోంది. ఏం తీసుకుంటున్నావమ్మా రోజూ?"

షీబా సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ ముడి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున దూరం జరిపింది.

"ఇది ఎందులో పెట్టారు?"

"డబ్బాలోనండి" అన్నాడు పాల్. "బాగా కడిగేనండి. రంగు సుక్క నేదండి."

"దేంతో కడిగావు?"

ఆ ప్రశ్నకి జవాబు నోటిదాకా వచ్చి, అక్కడ ఆగింది. అప్పుడే అతనికి అర్థమైంది. "థిన్నరుతోనండి" అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు. డాక్టరమ్మ మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"టీ ఆకు పక్కన ఏ వాసనుంటే అది పీల్చేస్తుందయ్యా. మూత బిగించి మరీ పెట్టావు. దాన్ని మరగబెట్టి మూడుపూటలా తాగించావు." ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది పాల్‌కి.

"మరి తగ్గిపోతాదా అమ్మా? పది రోజుల్లో?"

"నెలలు పడుతుంది. మచ్చలు కొన్ని ఉండిపోవచ్చు. ముందు ఆ టీ పారెయ్యండి."

షీబా ఏడవలేదు. కవరు ముడి మళ్ళీ వేసి సంచిలో పెట్టుకుంది.

పాల్ మాత్రం తిరిగి సాలూరు బస్సు ఎక్కలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని విశాఖపట్నం బస్సు ఎక్కించాడు. షోరూము గాజు తలుపు దగ్గర చెప్పులు విప్పబోతే, కాపలావాడు "లోపలికి చెప్పులతో రావచ్చు" అన్నాడు. లోపల చల్లగాలి. మొదటి కౌంటర్లో అప్పటికే వేరే అమ్మాయి మామిడిపండు రంగు చీర భుజాన వేసుకుని నవ్వుతూ నిలబడి ఉంది. షీబా ఆ అమ్మాయిని చూసింది. పాల్ షీబాని చూశాడు.

నరసింగరావు గారు మర్యాదగానే కూర్చోమన్నారు. పాల్ కూర్చోలేదు.

"తప్పు నాదండి బాబూ. పిల్లది కాదండి. ఊరి దుమ్ముదీ కాదండి. నానే నా సేత్తో..." అంటూ జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే చేతులు వాటంతటవే జోడయ్యాయి. "మూడు నెలలు ఆగండి బాబూ. మొహం బాగైపోతాది. మీ గోడలకి రంగు కావాలంటే ఊరికే కొట్టీస్తాను."

"ఎవరి తప్పైతే ఏముంది పెద్దాయనా? కొనేవాళ్ళు అది అడగరు" అన్నారాయన. అని, గుర్తింపు కార్డు ఇచ్చెయ్యమని షీబా వైపు చెయ్యి చాపారు. ఆయన టేబులు మీద గ్రీన్ టీ గ్లాసుంది. ఆవిరి లేస్తోంది.

తిరుగు బస్సు కొత్తవలస చేరింది. అక్కడ రైలు గేటు పడి బస్సు ఆగింది. అప్పుడడిగాడు పాల్.

"వాసనేస్తాంటే ఎందుకు తాగినావే? పారబోసీసి తాగీసినానని సెప్తే నాకేటి తెలుస్తాది?"

షీబా కిటికీ ఊచ మీద గోరు గీస్తూ కూర్చుంది.

"నువ్వు షెడ్డునుంచి వచ్చి పక్కన కూకున్నట్టుండేది నాన్నా. హాస్టల్లో అదొక్కటే మనింటిది. గ్లాసు మొహం కాడ పెట్టుకుంటే... సేదని తెల్దు."

గేటు లేచింది. బస్సు కదిలింది. పాల్ తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

ఇల్లు చేరగానే గ్లోరీ ఎదురొచ్చి ఏమిటేమిటని అడుగుతుంటే జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళాడు. టీ డబ్బా తెచ్చి వాకిట్లో బోర్లించాడు. తరవాత ఉప్పు డబ్బా. కారం డబ్బా. బియ్యం డబ్బా ఎత్తబోతే గ్లోరీ రెండుచేతులా పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు? బియ్యం దేంట్లో పొయ్యాల? రేపు ఏటి తినాల?"

పాల్ డబ్బా వదిలేశాడు.

వాకిట్లో కూలబడి ఖాళీ అయిన టీ డబ్బాని రెండుచేతులతో పట్టుకుని, మొహం మొత్తం లోపల పెట్టి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు, నీళ్ళలో మునిగినవాడు గాలికోసం పీల్చినట్టు. తన వాసన ఏమిటో, తన పిల్ల నెలరోజులపాటు కళ్ళు మూసుకుని తాగింది ఏమిటో, ఒక్కసారి తెలిస్తే చాలనుకున్నాడు. రేకు చల్లగా బుగ్గలకి తగిలింది. అంతే.

గేటు బయట జగన్నాధం సైకిలు ఆపి కేకేశాడు. "పాలూ! రేపు బేగి రా. ఆయుధపూజకి పదకొండు బళ్ళున్నాయి, రుద్దీవోళ్ళు సాలట్లేదు. పిల్ల ఇంటికి వచ్చీసినాదంట గదా? అమ్మతోపాటు పంపించీ."

పాల్ డబ్బాలోంచి మొహం తియ్యలేదు. గడపలో నిలబడ్డ షీబా చున్నీ విప్పి నడుముకి చుట్టుకుంటూ, "వస్తాను మావా" అంది.