మీరెవరో మళ్ళీ చెప్పండి

ఆఫీసులో అందరూ ఆమెను ఉత్తరాలావిడ అంటారు. వంతెనలు కట్టే కంపెనీ అది. కడుతున్నామని, ఆలస్యమవుతోందని, ఆలస్యానికి చింతిస్తున్నామని ఊరూరికీ ఉత్తరాలు రాయడం ఆమె పని. పొద్దున్నే వచ్చి, సంచి కుర్చీకి తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, నిన్న ఎక్కడ ఆపిందో అక్కడ అందుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు మాత్రం పని మొదలే కాలేదు. ముందురోజు సాయంత్రం పాత కంప్యూటరు పట్టుకుపోయి కొత్తది పెట్టారు. మెరిసిపోతోంది, కాదనలేం. కానీ ఏది తెరవబోయినా "మీరెవరు? పాస్‌వర్డ్ ఇవ్వండి" అంటోంది. ఇచ్చింది. స్వాగతం అంది. ఫైలు మీద నొక్కగానే, మొహమాటమైనా లేకుండా, మళ్ళీ "మీరెవరు?"

"ఇప్పుడేగా చెప్పి చచ్చాను!" అంది ఉత్తరాలావిడ.

ఇంకో రోజైతే నవ్వి ఊరుకునేది. ఆ రోజు నాలుగింటిలోపు డిజైను విభాగానికి దరఖాస్తు పంపాలి. దానికి స్వయంగా గీసిన వంతెన నక్షా ఒకటి జతచెయ్యాలి. నలభై ఏడేళ్ళు నిండినవాళ్ళు పనికిరారట. ఆమెకు వచ్చే నెలలో నిండుతాయి. ఈ జన్మకి ఇదే ఆఖరి అవకాశం.

నక్షా ఉంది, ఆ ఫైళ్ళలోనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డిజైనులోనే ఉన్నప్పుడు, కాలినడకన వెళ్ళేవాళ్ళ కోసం గీసిన చిన్న వంతెన అది. తర్వాత కడుపుతో ఉండగా, కట్టేచోట నిచ్చెనలెక్కడం ఎందుకులే, కొన్నాళ్ళపాటు ఉత్తరాలు చూసుకుందాం అనుకుంది. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. ఆ కడుపులో పిల్ల కూడా ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

మూడోసారి పాస్‌వర్డ్ కొట్టింది. గది తలుపు తెరుచుకుని, నిండు చూలాలు ఒకతె ఆయాసపడుతూ వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో కాదు, తనే. ఇరవై నాలుగేళ్ళ తను.

నాలుగోసారి కొడితే ముప్ఫై మూడేళ్ళ తను వచ్చింది, చేతిలో అత్తగారి మందుల సంచి, కళ్ళు గోడ గడియారం మీద. ఐదోసారి, జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకుని వారం రోజులు ఏడ్చిన తను. ఆరోసారి, చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఇరవై మూడేళ్ళ సన్నటి పిల్ల. వచ్చినామె వచ్చినట్టే చోటు వెతుక్కుని కూర్చుంటోంది.

అటెండరు, అందరికంటే పెద్దావిడ, కుర్చీలు మోసి మోసి విసిగిపోయింది.

"చెప్పాపెట్టకుండా ఇంతమందిని పిలిస్తే ఎలా తల్లీ? కప్పులు చాలొద్దూ?"

"నేనెక్కడ పిలిచానక్కా! అది అడుగుతోంది, నేను చెబుతున్నాను. నాకేం అర్థమై చావడం లేదు!"

"ఆ పొట్టి జుట్టామె రెండు కప్పులు తాగేసింది, మరి నీ ఇష్టం," అని సణుగుతూ వెళ్ళింది అటెండరు.

మూడున్నరకి కంప్యూటరాయన వచ్చాడు. గదంతా ఓసారి చూసి, "జనం ఎక్కువయ్యారే," అని ఒక కుర్చీ జరిపి, తెర ముందు వంగాడు.

"తప్పు మాదేలెండి. ఈ కంపెనీలో చిత్తుకాగితం కూడా పారేయరు కదా! పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లో ఒంపమన్నారు, ఒంపేశాం. మీరు ఇన్నేళ్ళలో వాడిన ఖాతాలు, పాస్‌వర్డులు కూడా వచ్చేశాయి. మీరొకటి చెబుతారు, ఇది ఇంకోటి తీసి చూస్తుంది. రెండూ కలవవు. మళ్ళీ అడుగుతుంది."

"మరి ఎలాగండీ?"

"పాతవన్నీ చెరిపేసి, ఒక్కటి ఉంచాలి. ఒక్కటంటే ఒక్కటే."

ఆయన చెరపడం మొదలుపెట్టాడు. మందుల సంచి తను లేచి, "టైమైపోతోంది," అంటూ గబగబా వెళ్ళిపోయింది. పొట్టి జుట్టు తను కిటికీ అద్దంలో ఒకసారి చూసుకుని మరీ వెళ్ళింది. నిండు చూలాలు మెల్లగా లేస్తుంటే ఉత్తరాలావిడ చెయ్యందించింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తలుపు దాకా నడిపించి వచ్చింది.

ఇద్దరు మిగిలారు.

"నక్షా ఈ పిల్ల ఖాతాలో ఉంది," అన్నాడు కంప్యూటరాయన, పెన్సిలు పిల్లను చూపిస్తూ. "ఈమెను ఉంచితే అది తెరుచుకుంటుంది. మిమ్మల్ని ఉంచితే మీ ఉత్తరాలుంటాయి. త్వరగా చెప్పండి, ఎవరిని తీసెయ్యను?"

నాలుగుకి పన్నెండు నిమిషాలుంది. ఉత్తరాలావిడకు అంతా అయోమయంగా ఉంది. ఇరవై రెండేళ్ళ ఉత్తరాలు. ఒక్క తప్పు లేదు, ఒక్కటీ ఆలస్యంగా వెళ్ళలేదు. అవి రాసినావిడను తీసెయ్యమని ఏ నోటితో అనాలి? పోనీ ఆ పిల్లని తీసెయ్యమందామా అంటే, అది చెవి మీంచి పెన్సిలు తీసి, ఎప్పుడు మొదలుపెడదామన్నట్టు చూస్తోంది.

"ఏమే, నీకేమైనా తెలుసా అసలు?" అనడిగింది ఉత్తరాలావిడ కోపంగా. "ఇన్నేళ్ళయ్యాక అక్కడికెళితే అందరూ పిల్లకాయలే ఉంటారు. నవ్వుతారు."

"నవ్వనీ," అంది పిల్ల. "మధ్య స్తంభం సన్నగా ఉంది. అది సరిచెయ్యాలి. ఎన్నాళ్ళు చూడమంటావు?"

ఉత్తరాలావిడకు భయమేసింది. ఎప్పుడూ వేసే భయమే. ఈసారి దాని మాట వినలేదు.

"నన్నే తీసెయ్యండి," అంది.

కంప్యూటరాయన నొక్కాడు. పెన్సిలు పిల్ల లేచొచ్చి ఆమె కుర్చీలోనే కూర్చుంది. ఆమె లేవలేదు. కుర్చీ ఇరుకూ కాలేదు. తెర చివరిసారిగా ఎవరని అడిగింది, ఆమె చెప్పింది, ఫైలు తెరుచుకుంది. చిన్న వంతెన, గీతగీతా అలాగే ఉంది. మధ్య స్తంభం నిజంగానే సన్నగా ఉంది. ఆమె వేళ్ళు తడుముకోకుండా దాన్ని సరిచేశాయి. నాలుగుకి రెండు నిమిషాలుందనగా దరఖాస్తు వెళ్ళిపోయింది.

నాలుగుంపావుకి మేనేజరు తలుపులోంచి తొంగిచూశాడు.

"అర్జెంటుగా ఒక ఉత్తరం పంపాలి. ఉత్తరాలావిడేరీ?"

"ఆవిడ వెళ్ళిపోయారండీ," అంది ఆమె.

"అరెరె. చాలా మంచావిడ," అన్నాడు మేనేజరు. ఆ ఉత్తరం తనే రాసుకోవడానికి వెళ్ళాడు.