కొవ్వూరు వీధుల్లో అత్తగారి పిలుపు

పుష్కరాలు అయిపోయిన మర్నాడు కొవ్వూరు ఊరంతా జ్వరం దిగిన మనిషిలా నీరసంగా కూర్చుంది. రేవులో పందిళ్ళు విప్పేశారు. ప్రత్యేక బస్సులు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. అందరికంటే ఎక్కువ నీరసం నాగవల్లికి పట్టుకుంది.

పట్టదూ మరి? పన్నెండు రోజులు గోష్పాదం రేవంతా ఆవిడ గొంతు మీదే నడిచింది. మొగుడు చిట్టియ్యకి షామియానాలు, మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉంది. తప్పిపోయినవాళ్ళ కోసం రేవులో వేసిన పందిట్లో మైకు ఆయనదే. మొదటిరోజు మధ్యాహ్నానికే, మైకులో చెప్పే మాస్టారి గొంతు కాస్తా పోయింది. మొగుడికి క్యారేజీ తెచ్చిన నాగవల్లి, అక్కడ ఏడుస్తున్న ఒక ముసలాయన్ని చూడలేక మైకు అందుకుంది. అందుకున్నది ఆఖరి రోజు దాకా దించలేదు.

"రామచంద్రపురం సూరమ్మగారండీ! మీవారు మీకోసం మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నారండీ! ఎక్కడున్నా వచ్చెయ్యండి తల్లీ!" అని ఆవిడ పిలిస్తే, సూరమ్మలు కానివాళ్ళు కూడా ఆగి వెనక్కి చూసేవారు. తప్పిపోయినవాళ్ళు దొరికి కావిలించుకుని ఏడుస్తుంటే తనూ ఏడ్చేది. వెంటనే ముక్కు తుడుచుకుని ఇంకొకళ్ళని పిలిచేది.

ఇప్పుడు పిలవడానికి ఎవరున్నారు? మళ్ళీ పుష్కరాలంటే పన్నెండేళ్ళు ఆగాలి. నాగవల్లి కూర మాడ్చింది, పాలు పొంగిపోనిచ్చింది, అన్నం సగంలో వదిలేసి లేచింది. చిట్టియ్య తనకు చేతనైన వైద్యం చేశాడు. వేడివేడి బజ్జీలు తెచ్చాడు, రాజమండ్రిలో సినిమా చూద్దాం రమ్మన్నాడు. బజ్జీలు చల్లారిపోయాయి. సినిమాకి ఆయనొక్కడే వెళ్ళొచ్చాడు.

అత్తగారు పెద్దింట్లమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. పుష్కరాలన్నాళ్ళూ కోడలి మైకు గురించి మంచీ అనలేదు, చెడూ అనలేదు. పొద్దున్నే వంట చేసి క్యారేజీ కట్టిచ్చేది, అంతే. ఆడదానికి మైకేంటని ఆవిడ మనసులో ఉందని నాగవల్లి తనంతట తానే తీర్మానించేసుకుంది. మనుషులు నోరు విప్పకపోతే మనం వాళ్ళ నోట్లో పెట్టేవి ఎప్పుడూ చేదు మాటలే.

ఆదివారం పొద్దున్న పెద్దింట్లమ్మ బుట్ట పట్టుకుని కూరగాయలకి వెళ్ళింది. మధ్యాహ్నం దాటిపోయినా రాలేదు. బజారులో లేదు, స్టేషన్లో లేదు, చుట్టాలిళ్ళలో లేదు. కిందటి నెల్లోనే ఆవిడ కళ్ళు తిరిగి గుమ్మంలో పడింది. అవతల చూస్తే గోదారి ఎర్రగా, నిండుగా పారుతోంది. నాగవల్లి మొగుడి కొట్టుకి పరిగెత్తింది.

"ఏవండీ, ఆటోకి మైకు కట్టండి!"

"పర్మిషన్ లేకుండా ఎలాగే?"

"అత్తయ్యగారు కనపడకపోతే పర్మిషనేంటండి? ముందు కట్టండి!"

పక్కింటి ఏసుపాదం ఆటో మీద రెండు మైకు హారన్లు కట్టారు. బండి కదిలింది. నాగవల్లి మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "అమ్మా, అయ్యా, మా అత్తయ్యగారు కనపడట్లేదండీ! నీలం చీరండీ, చేతిలో బుట్టండీ!"

"పేరు చెప్పవే!" అని అరిచాడు పక్కనున్న చిట్టియ్య.

"అత్తయ్యగారి పేరు నా నోటితో ఎలా అంటానండీ?"

"పోనీ చిట్టియ్య తల్లని చెప్పు!"

"మీ పేరు మాత్రం అంటానేంటండీ?"

వేలమంది పేర్లు గోదారి అవతలి ఒడ్డుకి వినపడేలా పిలిచిన మనిషికి, ఇంట్లో ఇద్దరి పేర్లు గొంతు దాటలేదు! చిట్టియ్య మైకు లాక్కోబోయాడు. ఆవిడ ఇస్తేనా?

ఊరికి ఈ పిలుపు అలవాటైపోయింది. గొంతు వినగానే జనం కొట్లలోంచి, అరుగుల మీంచి లేచారు. కాసేపట్లోనే "దొరికారండోయ్!" అంటూ ఒకావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ పాలకొల్లు నుంచి కూతురింటికి వచ్చిన మనిషి. "నేను తప్పిపోలేదు నాయనా, చెయ్యొదలండి!" అని మొత్తుకుంటోంది. ఇంకో సందులోంచి ఇంకో నీలం చీరని తెచ్చారు. ఆవిడ బుట్టలో కోడిపిల్లలున్నాయి. ఆటో వెనక సైకిళ్ళు, సైకిళ్ళ వెనక జనం. ఊరు మళ్ళీ పుష్కరాలొచ్చినంత హడావుడిగా ఉంది.

పేరు చెప్పలేదు, చీర చూస్తే ఊరంతా నీలమే. ఇక నాగవల్లికి మిగిలింది మనిషిని చెప్పడమే. "మా అత్తయ్యగారు పులస పులుసు పెడితే వీధి చివరికి తెలుస్తుందండీ! నాకు పురుడొస్తే నెల దాటేదాకా కాలు కింద పెట్టనివ్వలేదండీ! నేను మైకు దగ్గరుంటే పన్నెండు రోజులూ నాకు వేళకి అన్నం పంపారండీ. తిన్నాను గానీ, మీరు తిన్నారా అత్తయ్యగారూ అని ఒక్కరోజు కూడా అడగలేదండీ!"

ఏడుస్తూనే చెప్పింది, చెబుతూనే ఏడ్చింది. ఆటో గోష్పాదం రేవు దగ్గర మలుపు తిరిగింది.

పందిరి తీసేసిన ఖాళీ జాగాకి ఎదురుగా, మెట్టు మీద పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. పక్కన బుట్టలో వంకాయలు వాడిపోయాయి. నాగవల్లి ఆటో పూర్తిగా ఆగకుండానే దూకింది.

"ఇక్కడేం చేస్తున్నారండీ? నా ప్రాణాలు పోయాయండీ! మైకు వినపడలేదా?"

"మొదటిసారి పిలిచినప్పుడే వినపడింది."

"మరి రాలేదేంటండీ?"

పెద్దింట్లమ్మ చీరకొంగు సర్దుకుంది. "పుష్కరాలన్నాళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుని నీ గొంతే విన్నానే. అది ఆగిపోయాక ఇంట్లో తోచక ఇలా వచ్చా. ఊరూరి వాళ్ళ అమ్మలందర్నీ పిలిచావు. ఇన్నాళ్ళకి నన్ను పిలుస్తుంటే, వింటూ కూర్చున్నా, లేవబుద్ధి కాలేదు."

చుట్టూ జనం గొల్లుమన్నారు. చిట్టియ్య నెత్తి కొట్టుకున్నాడు. నాగవల్లికి ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏమొచ్చిందో ఆవిడకే తెలియలేదు. వెనక్కి తిరిగి మైకు ఆపెయ్యమని మొగుడికి సైగ చేసింది. వచ్చి అత్తగారిని ఆనుకుని అదే మెట్టు మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ," అని పిలిచింది, ఆవిడకొక్కదానికే వినపడేలా.

"ఆఁ. ఇంకోసారి," అంది పెద్దింట్లమ్మ.