సాఫీ దారి

ఆదివారం మధ్యాహ్నాలు నేను పెరటి కుళాయి దగ్గర కూర్చుని మా ఆయన బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి గీకుతుంటాను. కొండల మీద సైకిలు తొక్కేవాళ్ళ బూట్లకి అడుగున లోతైన గాట్లుంటాయి. వాటిలో మట్టి ఎండిపోతే పాత టూత్‌బ్రష్‌కి లొంగదు, హెయిర్‌పిన్నుతో తవ్వాలి. హెయిర్‌పిన్ను నాదే. సైకిలు మాత్రం నేను ముట్టుకోకూడదు, గేర్లు పాడవుతాయట. దాన్ని ఆయనే మెత్తటి గుడ్డతో తుడిచి, ముందుగదిలో గోడకి కొట్టిన కొక్కేలకి తగిలిస్తాడు. ఆ గోడకి పుస్తకాల అలమర పెట్టించుకుందామని కాపురానికొచ్చిన కొత్తలో నేను అనుకున్నాను. "వాడికున్నది ఆ ఒక్క సరదా" అంది అత్తయ్య. నాకున్న సరదాలేమిటో ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పడానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది కాదేమో.

సైకిలు గురించి నాకు చాలా తెలుసు. భోజనం చేస్తున్నంతసేపూ ఆయన మాట్లాడేది అదే మరి. సింగిల్ ట్రాక్ అంటే ఒక్క సైకిలు మాత్రమే పట్టే సన్నటి మట్టిబాట. మా చుట్టుపక్కల అలాంటివి దొరకడం కష్టం, దొరికినా నిట్టనిలువుగా రాళ్ళతో ఉంటాయి, సగంలో దిగి సైకిలు తోసుకుంటూ పోవాలి. స్నేహితుల ముందు దిగడం ఆయనకి తలవంపులు. "కిందికి ఎవడైనా వస్తాడు. ఎక్కేటప్పుడు సాఫీగా ఉండాలి. ఎక్కుతున్నామని తెలియకూడదు. అదీ దారంటే" అనేవాడు. అత్తయ్య అదే బల్ల దగ్గర కూర్చుని, పక్కింటావిడతో ఫోన్లో నా గురించి చెప్పేది: "మా కోడలు సాఫీ మనిషమ్మా. ఇంట్లో ఉన్నట్టే తెలియదు." ఈ రెండు మాటలూ చాలాకాలం నా చెవుల్లో వేరు వేరుగానే పడ్డాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. మా నాన్న దాన్ని ఒక బాధ్యతలాగే నా చేతిలో పెట్టాడు. అత్తింట్లో ఏదైనా తేడా వచ్చి ఫోన్ చేస్తే, "చదువుకున్నదానివి, నువ్వే సర్దుకోవాలి తల్లీ" అంటాడు. అత్తింటివాళ్ళూ అదే అంటారు, కాకపోతే ఇంకో రకంగా: "దానికి చదువుంది, ఒకసారి చెబితే చాలు." అత్తయ్యకి మందులు వేళకివ్వడం, బ్యాంకు పని, నీళ్ళ పంపు బాగుచేయించడం, బూట్లు, అన్నీ నాకు ఒక్కసారే చెప్పారు.

ఇక ఉద్యోగంలో నా పని అనుమానించడం. కళ్లద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటాను. అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, గీత ఉందా, బుడగ ఉందా, ఎక్కడైనా చూపు వంకర పోతోందా అని వెతకాలి. బాగుందనిపించిన అద్దాన్నే ఇంకోసారి చూడాలి. మేనేజరు మమ్మల్ని మెచ్చుకుంటాడు, "మీ ఆడవాళ్ళ కళ్ళకి ఓపిక ఎక్కువ" అని. సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అయినప్పుడు మాత్రం నా తర్వాత చేరినతన్ని కూర్చోబెట్టాడు. ఆ పనికి కళ్ళు చాలవట, గొంతు ఉండాలట.

ఫ్యాక్టరీ కొండకి అవతల ఉంది. బస్సు కొండ చుట్టూ తిరిగి పోతుంది. నేను కొండ మీదుగా నడిచి వెళ్తాను. ఆ బాట ఎవరూ పనిగట్టుకుని వేసింది కాదు. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు నడిచి నడిచి పడింది. షిఫ్టు దిగి ఇంటికొచ్చే మనిషి నిటారుగా ఎక్కదు. ఇంటికెళ్ళాక పొయ్యి దగ్గర నిలబడాలి కాబట్టి ఊపిరి దాచుకుంటుంది, ఏటవాలుగా పోతుంది, రాయి అడ్డొస్తే చుట్టూ తిరుగుతుంది. అందుకే అది అంత నెమ్మదిగా, అంత మెత్తగా ఎక్కుతుంది. బస్సు వచ్చాక చాలామంది బస్సుకి మారారు. ఇప్పుడు నేనూ, ఇంకో ఒకరిద్దరూ మిగిలాం.

కొండ పైకి చేరే ముందు, భుజంలా పొడుచుకొచ్చిన ఒక మలుపు దగ్గర బల్లపరుపు బండ ఉంది, బాటలోకి కొంచెం చొచ్చుకొచ్చి. సాయంత్రాలు దాని మీద కాసేపు కూర్చుంటాను. ఏమీ చెయ్యను. ఇటు ఇల్లూ అటు ఫ్యాక్టరీ రెండూ కనపడతాయి, రెండింటికీ నేను కనపడను. రోజు మొత్తంలో ఎవరూ నన్ను పిలవని సమయం అదొక్కటే.

ఒక సాయంత్రం ఆయన నాకంటే ముందే ఇంట్లో ఉన్నాడు. నన్ను చూసి, బస్సింకా రాలేదు కదా, ఎలా వచ్చావన్నాడు. కొండ మీదుగా వచ్చానన్నాను.

"రోజూనా?"

"ఊఁ."

"ఆయాసపడట్లేదే?"

"లేదండీ. సాఫీగానే ఉంటుంది."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. అంతసేపు ఆయన నన్ను చూసి చాలా రోజులైంది. "ఒక్కదానివేనా? దారిలో ఎవరూ కనబడరా?" అని అడిగాడు. ఎప్పుడైనా ఒకరిద్దరు కనబడతారన్నాను. ఎవరని అడగలేదు. అడిగితే బాగుండేదనుకున్నాను, అడగకపోవడమే నాకు తేడాగా తోచింది.

తర్వాతి వారం ఆయన నాకొక చేతి గడియారం తెచ్చాడు. నడక, నడిచిన దారి, గుండె, అన్నీ చూస్తుందట. "నీ ఆరోగ్యం కోసం" అంటూ తనే నా మణికట్టుకి పెట్టాడు. పెట్టేటప్పుడు ఆయన వేళ్ళు ఎంత జాగ్రత్తగా ఉన్నాయంటే, సైకిలు గేర్లు గుర్తొచ్చాయి. ఛార్జింగ్ కూడా తనే చూసుకుంటానన్నాడు. నేను వంటింట్లో ఉన్నప్పుడు దాన్ని తన ఫోనుకి కలిపి కూర్చునేవాడు. నేను గుమ్మంలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేవాడు.

ఫ్యాక్టరీలో నా పక్కబల్ల అక్కకి చెప్పాను. ఆవిణ్ణి అందరూ చత్వారం అక్క అంటారు. దగ్గరివి కనపడవని తనే చెప్పుకుంటుంది, దూరంగా ఉన్నవాళ్ళ గుట్లు మాత్రం అన్నీ చూస్తుంది. గడియారాన్ని చేయి చాచి దూరంగా పెట్టి చూసింది.

"అడక్కుండా ఇచ్చాడా?"

"అవునక్కా."

"అయితే అది గడియారం కాదు పిల్లా, గొలుసు. పట్టీ రంగు మాత్రం బావుంది."

నవ్వాను గానీ, ఆ మాట పట్టుకుంది నన్ను. ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. ఇంకేముంటుంది? మలుపు దగ్గర రోజూ ఆగుతున్నానని ఆ గడియారం చెప్పేసి ఉంటుంది. అక్కడ ఎవరినో కలుస్తున్నాననుకుంటున్నాడు. ఏమీ చెయ్యకుండా ఒక ఆడది ఊరికే కూర్చుంటుందని ఎవరు నమ్ముతారు? తప్పు చెయ్యనిదాన్ని తప్పు చేసినదానిలా మెలగడం మొదలుపెట్టాను. బండ దగ్గర ఆగడం మానేశాను. దాన్ని చూడకుండా, తల దించుకుని, గబగబా ఎక్కి గబగబా దిగిపోయేదాన్ని.

ఆయన అదీ గమనించాడు. "ఈ మధ్య ఆగకుండా ఎక్కేస్తున్నావే. బావుంది" అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర. "మరి ఇంతకుముందు ఆ మలుపు దగ్గర ఆగేదానివి, ఎందుకు?"

"చెప్పులో రాయి పడేదండీ."

"రోజూనా?"

"అక్కడ గులకరాళ్ళుంటాయి."

"గులకరాళ్ళా" అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను దొరికిపోయాననుకున్నాను. అత్తయ్య నన్నోసారి, ఆయన్నోసారి చూసింది. ఆ తర్వాత నేను ఆయన చొక్కా జేబులు చూడటం, ఫోనులో మాట్లాడుతుంటే తలుపు పక్కన నిలబడటం కూడా చేశాను. ఒకరి మీద ఒకరం నిఘా పెట్టుకున్న ఇద్దరం ఒకే దుప్పటి పంచుకున్నాం. సిగ్గుపడాల్సిన మాటే, అయినా రాస్తున్నాను: ఆ రోజుల్లో నేను కాస్త అలంకరించుకున్నాను కూడా. ఎవరో నన్ను గమనిస్తున్నారన్న ఊహ, అది అనుమానమే అయినా, ఒంటికి వెచ్చగా తగిలింది.

శనివారం సాయంత్రం ఆయన స్నేహితులు వచ్చారు. పళ్ళ డాక్టరు, గడ్డం ఆయన, ఇంకో ఇద్దరు. టీ కలిపి ట్రేతో ముందుగదిలోకి వెళ్ళాను. టీవీ మీద ఒక మ్యాపు ఉంది. ఆకుపచ్చ కొండ, దాని మీద ఎర్రటి సన్న గీత. ఏటవాలుగా పోయి, వంగి, ఒకచోట చిన్నగా గుండ్రం తిరిగి మళ్ళీ ఎక్కుతోంది. అద్దంలో వెంట్రుకంత గీతని పట్టుకునే కళ్ళు నావి. నా నడకని గుర్తుపట్టడానికి రెండోసారి చూడనక్కర్లేదు.

"మూడు నెలలుగా వెతుకుతున్నా" అంటున్నాడు ఆయన. "మన పక్కనే ఉంది, ఎవడికీ తెలియదు. పై దాకా ఒక్కచోట కూడా దిగక్కర్లేదు. దీనికి 'సాఫీ' అని పేరు పెట్టా."

గడ్డం ఆయన చప్పట్లు కొట్టాడు. వాళ్ళ మాటల్లో నాకు తెలిసిందేమిటంటే, రేపు పొద్దున మొదటిసారి ఎక్కుతారు, ఆ తర్వాత పక్క ఊళ్ళ క్లబ్బులనీ పిలుస్తారు. మలుపు దగ్గర ఒక బండ ఉందిట, హ్యాండిల్ తగులుతుందిట, గడ్డం ఆయన గునపం తెస్తాడు, అందరూ పట్టి లోయలోకి దొర్లించేస్తారు. నా చేతిలో ట్రే ఉంది. పళ్ళ డాక్టరు నా ట్రేలోంచి కప్పు తీసుకుంటూ అడిగాడు:

"అంతా బానే ఉంది గానీ, ఆ దారిలో నడిచేవాళ్ళెవరైనా ఉంటారా? వేగంగా దిగేటప్పుడు అడ్డం పడితే ప్రమాదం."

మా ఆయన కూడా కప్పు తీసుకున్నాడు. "ఎవరూ ఉండరు" అన్నాడు.

అబద్ధం చెబుతున్న మనిషి గొంతు ఒకలా ఉంటుంది, ఇన్నాళ్ళూ దాని కోసమే తలుపు పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాను. ఆ గొంతు కాదిది. నా వైపు చూసి తడబడలేదు, చూడకుండా తప్పించుకోనూ లేదు. తనకి నిజంగానే ఎవరూ గుర్తురాలేదు.

వంటింట్లోకి వచ్చి ట్రే కడిగాను. నన్ను అనుమానించలేదని తెలిసినందుకు నేను తేలికపడాలి కదా. అనుమానించాలన్నా అక్కడ ఒక మనిషి ఉండాలి. ఆయన నా వెంట పడలేదు, నా కాళ్ళ కింది దారి వెంట పడ్డాడు. ఆగకుండా ఎక్కుతున్నావు బావుందన్నది కూడా దారితోనే. గులకరాళ్ళున్నాయంటే మొహం చిన్నబుచ్చుకున్నది సైకిలు చక్రాల గురించే, ఫోను బోర్లా పెట్టింది కొత్త దారి గుట్టు దాచుకోవడానికే. నేను ఆయన అనుమానానికి భయపడి బండని వదులుకున్నాను, ఆయనకి ఆ అనుమానమే లేదు. ఎక్కుతున్నామని తెలియకూడదు, ఇంట్లో ఉన్నట్టే తెలియదు. ఆ రెండు మాటలూ అప్పుడు ఒక్కటిగా వినపడ్డాయి.

ఆదివారం పొద్దున ఆయన చక్రాలకి గాలి కొడుతుంటే చెప్పులేసుకున్నాను. గడియారం కూడా పెట్టుకున్నాను. నేనెక్కడ ఆగానో దానిలో పడాలి.

"ఆదివారం ఫ్యాక్టరీ ఏమిటమ్మాయ్?" అంది అత్తయ్య.

"ఫ్యాక్టరీకి కాదత్తయ్యా."

ఇంకేదైనా చెబుతానని ఆవిడ ఆగింది. గేటు వేస్తూ వెనక్కి చూస్తే, కిటికీ దగ్గర నిలబడి కళ్ళు చికిలించి నన్నే చూస్తోంది. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒకరు నన్ను నిజంగా అనుమానించారు. కొంచెం గర్వంగానే అనిపించింది.

నెమ్మదిగా ఎక్కాను. ఎప్పుడూ లేనిది, ఎక్కుతున్నానని తెలుస్తూ ఎక్కాను, పిక్కల్లో, నడుములో, ఊపిరిలో. బండ మంచుకి తడిగా ఉంది. కొంగుతో తుడిచి కూర్చున్నాను. కాసేపటికి కింద గేర్ల చప్పుడు, మాటలు, నవ్వులు. "చెప్పానా, తెలియట్లేదు కదా!" అన్న మా ఆయన గొంతు. మలుపు తిరిగి నన్ను చూసి బ్రేకు వేశాడు. వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడబోయి ఆగారు. గడ్డం ఆయన వీపుకి కట్టుకున్న గునపం కొమ్మకి తగిలి మోగింది.

"ఏమైంది? అమ్మకేమైనా అయిందా?" అన్నాడు మా ఆయన. నేను నా కోసమే వచ్చి ఉంటానని ఆయనకి తోచలేదు.

"అత్తయ్య బానే ఉందండీ."

"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"

"కూర్చున్నాను."

పళ్ళ డాక్టరు మెడ చాచి చూశాడు. నన్ను పోల్చుకోవడానికి ఆయనకి కొంతసేపు పట్టింది, చేతిలో ట్రే లేదు కదా. "దారిలో ఎవరూ ఉండరన్నావు కదరా" అన్నాడు.

మా ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "లే. వాళ్ళ ముందు ఏమిటిది? ఏదున్నా ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"చెప్పులో రాయి పడేదని అబద్ధం చెప్పానండీ" అన్నాను, గొంతు తగ్గించకుండా. "ఇక్కడ గులకరాళ్ళేమీ లేవు. నేను ఈ బండ మీద కూర్చుంటాను. అందుకే ఆగేదాన్ని."

"సరే, కూర్చున్నావుగా. ఇంకా ఎంతసేపు?"

"రోజూ."

ఆయన నన్ను చూశాడు, తర్వాత హ్యాండిల్‌కి తగిలించిన ఫోను చూశాడు. అందులో ఎర్ర గీత మీద నా చుక్క మలుపు దగ్గర కదలకుండా ఉండి ఉంటుంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉన్నాను. ముందు పళ్ళ డాక్టరు, తర్వాత గడ్డం ఆయన, ఆఖరికి మా ఆయన, పై దాకా ఒక్కచోట కూడా దిగక్కర్లేని ఆ దారిలో, ఒక్కొక్కరే సైకిలు దిగారు.