పసుపు కొక్కెం

హర్లన్ నడుము మీద చెయ్యి ఆనించి, టార్చి వెలుగులో ఎర్ర కారు ఇంజన్ చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల ఊరైన ఫ్లింట్ శివార్లలోని మైదానంలో, పాత కార్ల పోటీకి మార్కులేసేవాడిగా పొద్దుటి నుంచీ అతనికి ఇదే పని. ఈ పోటీలో మెరుపుకి మార్కుల్లేవు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కారు ఎలా ఉందో అలాగే ఉండాలి, ఆనాటి పెయింటు చారికలతో సహా. అంతకంటే అందంగా ఉన్నా మార్కు పోతుంది.

కారు లైల్ ప్రూయిట్‌ది. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు చేరారు. లైల్ ఫోర్‌మన్ అయ్యాడు, ఇల్లు కట్టుకున్నాడు, తాము పనిచేసిన కాలం నాటి కారొకటి కొని సొంతంగా బాగుచేసుకున్నాడు. హర్లన్ మాత్రం రిటైరయ్యేదాకా బ్రేకు గొట్టాల బిగింపు చూసి, ఇంజన్ వెనక రేకు మీద సరిచూసినట్టు గుర్తుగా ఎడంచేత్తో పసుపు క్రేయానుతో ఒక కొక్కెం గీసేవాడు. అంతే. లైల్‌ని చూస్తే అతనికి ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఏ తప్పూ దొరకలేదు. చారికలు కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి. చివరికి టార్చి వెనక రేకు మీద పడింది. అక్కడ కొక్కెం ఉంది. అదే వంపు, చివర జారిన అదే తోక. హర్లన్‌కి ఒళ్ళు భగ్గుమంది. బతుకంతా కలిపి తనదంటూ మిగిలింది ఆ గీత ఒక్కటే. దాన్నీ వీడే ఎత్తుకుపోయాడు.

"గీత తప్పు. తోక ఇంత పొడుగుండదు," అన్నాడు.

మడతకుర్చీలో ఉన్న లైల్ తలెత్తాడు. గుండె జబ్బుతో చిక్కిపోయాడు. ఇదే అతని ఆఖరి పోటీ అని అందరికీ తెలుసు. ఒక్క మార్కు తగ్గినా పతకం రాదనీ తెలుసు.

"పాత ఫోటో పక్కన పెట్టుకుని నేర్చుకున్నాన్రా. నిన్నే గియ్యమందామనుకున్నా. మార్కులేసేవాడు కారు ముట్టుకోకూడదన్నారు."

"తప్పే."

"గీసినోడివి నువ్వు. నువ్వు తప్పంటే తప్పే." లైల్ జేబులోంచి క్రేయాను ముక్క తీసి ఇచ్చాడు. "సరైనదెలాగో ఏ అట్టమీదో గీసి చూపించు."

తిన్నాక చూద్దామని, హర్లన్ ఆ ముక్కని మడ్‌గార్డు మీది గుడ్డపై పడేసి, మార్కు కోసేసి వెళ్ళాడు. ఎన్నాళ్ళకో ఆ రోజు హాట్‌డాగ్ రుచిగా అనిపించింది.

తిరిగొచ్చేసరికి లైల్ కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. టోపీ ఒళ్ళో పడివుంది. కూతురు భుజం తట్టి పిలిచింది, మళ్ళీ పిలిచింది. అంబులెన్సు వచ్చి, తొందరేమీ లేకుండా వెళ్ళిపోయింది. కూతురు కూడా దాంట్లోనే వెళ్ళింది.

సాయంత్రం పతకాలు పంచడం అయిపోయింది. తెరిచిన బానెట్ ముందు హర్లన్ గుడ్డ మీది క్రేయాను తీసి అట్టముక్క మీద కొక్కెం గీశాడు. చెయ్యి దానంతటదే తిరిగింది. అట్టని రేకు పక్కన పెట్టి టార్చి వేశాడు. తోక అంతే పొడుగుంది. పోయినవాడి మీద కూడా అతనికి అసూయే కలిగింది.

క్రేయానుని మళ్ళీ గుడ్డ మీద పెట్టాడు. లైల్‌ది కుడిచేతి వాటం. అయినా ఆ ముక్క, ఎడంచేత్తో గీసి గీసి నేర్చుకుంటే ఎటు అరుగుతుందో అటే అరిగిపోయి ఉంది.