హెల్మెట్లో పాట

చెవిలో పాట లేనిదే శ్రీకర్ బండి తీయడు. విత్తనాల కంపెనీలో ఉద్యోగం. దుర్గిలో బయల్దేరి మాచర్ల, గురజాల, ఊరూరూ తిరగాలి. కాలు ఒకచోట నిలవని మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది. మొదట్లో హ్యాండిల్‌కి స్పీకరు కట్టాడు, వీధిలో పెద్దవాళ్లు తిట్టిపోశారు. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టాడు, హెల్మెట్ కింద నలిగి చెవులు వాచాయి. చివరికి మాచర్ల మెకానిక్ ఖాదర్ వలి హెల్మెట్ స్పాంజి కోసి, లోపల రెండు బుల్లి స్పీకర్లు కూర్చి ఫోనుకి కలిపాడు. "నువ్వు పాట వింటున్నావని పక్కనోడిక్కూడా తెలవదన్నా," అన్నాడు.

పక్కవాడి సంగతి సరే. వెనక కూర్చునే మనిషి ఉందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

శ్రీకర్ తండ్రి పుల్లారావుకి ఊరి రాజకీయమే ఊపిరి. తెల్లారితే చాలు వసారాలో కుర్చీలు నిండిపోతాయి, కాఫీలు పొయ్యి దిగవు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఓ మాట అనుకోవాలంటే చోటే లేదు. అందుకే సాయి ప్రియ ఏం చెప్పాలన్నా బండెక్కాకే చెప్పేది. అతను పాటకి మెడ ఊపుకుంటూ, ఆమె గొంతు సన్నగా తగిలినప్పుడల్లా ఊకొట్టేవాడు. బుద్ధిమంతుడు! పెళ్లయి రెండేళ్లుగా అదే వరస.

ఆ సోమవారం టిఫిన్ దగ్గర తల్లి పున్నమ్మ బాంబు పేల్చింది. "ఏందిరా, కోడలు నరసరావుపేట ల్యాబ్‌లో చేరుద్దంట. పుట్టింట్లోనే ఉంటదంట. నువ్వు సరేనన్నావంటగా?"

ఇడ్లీ ముక్క గొంతుకి అడ్డం పడింది. లోపల సాయి ప్రియ బ్యాగు జిప్పు లాగుతున్న చప్పుడు. వసారాలో మాటలు ఆగిపోయాయి, అన్ని తలలూ ఇటే తిరిగాయి. నా పెళ్లాం ఏం చెప్పిందో నాకే తెలియదని అంతమందిలో ఎలా అంటాడు?

"ఊ," అన్నాడు.

ఇక ఒంట్లో నిలకడ లేదు. గేటు దాకా పోయాడు, వచ్చాడు. తుడిచిన బండినే మళ్లీ తుడిచాడు. నిన్ననే గాలి కొట్టించిన టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. ఎప్పుడు చెప్పింది? ఏ పాటలో కొట్టుకుపోయింది ఆ మాట? ఎంత తవ్వినా పాటలే గుర్తొస్తున్నాయి, ఆమె మాట ఒక్కటీ గుర్తు రావడం లేదు. భయం వేసింది.

ఆమెని నరసరావుపేటలో దింపడానికి బయల్దేరేటప్పుడు హెల్మెట్ తలకి పెట్టలేదు, ట్యాంకు మీద పెట్టుకున్నాడు. ఊరు దాటగానే అన్నాడు. "ప్రియా, నువ్వు చెప్పింది నాకు వినపళ్లేదే."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పాట మారినప్పుడల్లా మీ మెడ ఇంకో రకంగా ఊగుద్ది. వెనక కూర్చున్నదానికి కనపడదా ఏంది?"

శ్రీకర్‌కి సిగ్గుతో చెవులు కాలాయి. "ఇప్పుడు చెప్పు, వింటా."

ఆమె చెప్పలేదు. మిరపకాయల లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఏదో ఒకటి అంటే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంటోంది. కారంపూడి వచ్చింది, పోయింది. అప్పుడంది.

"పాట పెట్టుకోండి."

"ఎందుకే?"

"మాట్లాడాలి. మీరు వింటుంటే నాకు నోరు రావట్లా."

బండి ఆపి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫోను తీసి ఊరికే నొక్కినట్టు నటించి జేబులో పడేశాడు. బండి కదిలాక, రాని పాటకి మెడ ఊపడం మొదలుపెట్టాడు.

కాసేపటికి వెనక గొంతు లేచింది. సూటిగా, అలవాటైన దారిలో నడిచినట్టు. ఉద్యోగం తనకి కావాలంది. చదివిన చదువు కాఫీలు కలపడానికి కాదంది. ఎందుకు పోతున్నావని అతను ఒక్కసారి అడుగుతాడేమోనని చూశానంది. "ఇంటినిండా జనం, నాతో మాట్లాడే మనిషి లేడు," అంది. అతను మెడ ఊపుతూ ఊకొట్టాడు. కళ్ల ముందు రోడ్డు మసకబారింది.

"నాకైతే మళ్లీ ఆ ఇంటికి రావాలని లేదండీ," అంది.

మెడ ఆగిపోయింది.

వెనక ఆమె కూడా ఆగింది. "ఏంది, పాట అయిపోయిందా?"

"అసలు పెట్టలా."

ఆమె బ్యాగుని ఒళ్లోకి లాక్కుంది. "అయితే అంతా విన్నారు."

"విన్నా."

"మరి ఊ అనరేం, అన్నిటికీ అంటారుగా?"

శ్రీకర్ నోరు తెరిచాడు. ఎంత తేలిగ్గా వచ్చేది ఆ మాట!

"దీనికి అనలేనే," అన్నాడు. "నువ్వు రాకపోతే నేనే వస్తా. ఉద్యోగం చెయ్యి, అక్కడే ఉండు, నేనే వస్తా."

ఆమె ఊ అనలేదు. హెల్మెట్ లోపల ఏ చప్పుడూ లేదు. నరసరావుపేట ఇంకా దూరం ఉంది. జీవితంలో మొదటిసారి శ్రీకర్ బండి వేగం తగ్గించి, వెనక్కి చెవి పెట్టి కూర్చున్నాడు.