రెండు కొమ్మల మీద ఒక రోలరు

చిట్టి అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినిపించదు. మనిషి పొట్టి, మాట చురుకు, కోపం ముక్కు మీదే ఉంటుంది. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ప్రోగ్రాములు రాసేది ఆమె ఒక్కతే.

కంపెనీ స్టోర్స్‌లో పదకొండు వేల రకాల విడిభాగాలున్నాయి. అవన్నీ కంప్యూటరులో ఒకే పొడుగాటి జాబితాగా ఉండేవి. మెకానిక్ వచ్చి ఏదైనా అడిగితే, స్టోర్స్ చూసే ఆవిడ కిందికి జరుపుతూ జరుపుతూ వెతకాలి. చిట్టి రెండు నెలలు కూర్చుని ఆ జాబితాని చెట్టుగా మార్చింది. మొదట తెర మీద లిఫ్టు రకాలే కనిపిస్తాయి. ఒక పేరు పక్కనున్న చిన్న త్రికోణాన్ని నొక్కితే, దాని కింద తలుపులు, మోటారు, బ్రేకు, తాళ్ళు వరసగా విచ్చుకుంటాయి. తలుపులు నొక్కితే తలుపు భాగాలు వస్తాయి. కావలసింది విప్పుకోవచ్చు, అక్కర్లేనిది ముడుచుకునే ఉంటుంది. విచ్చుకునేటప్పుడు మెల్లగా జారినట్టు కనపడాలని దానికే నాలుగు రోజులు పట్టించింది.

సోమవారం అది మొదలైంది. మేనేజరు భేష్ అన్నాడు. గురువారం స్టోర్స్ నుంచి రెండు ముక్కల ఉత్తరం వచ్చింది. "చెట్టు చూడ్డానికి బాగుంది. పాత జాబితా తిరిగి ఇప్పించగలరు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చిట్టి మొహం మాడ్చుకునే ఉంది. ఆమె భర్త బళ్ళో డ్రాయింగు మాస్టారు. సింకు దగ్గర కుంచెలు కడుక్కుంటూ కథంతా విన్నాడు.

"రెండు నెలలు పెంచిన చెట్టుని రెండు ముక్కల్లో నరికేసిందన్నమాట."

"నవ్వకు. ఆవిడకి కొత్తదంటే పడదు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పాతుకుపోయింది."

"పాతుకుపోయినావిడకి చెట్టు సంగతి నీకంటే ఎక్కువే తెలుస్తుందేమో. ఒకసారి వెళ్ళి చూడు."

 మర్నాడు మేనేజరు కూడా అదే మాట అన్నాడు. "మూడు రోజులు అక్కడే కూర్చో. ఆవిడ ఏం చేస్తే అది చూడు. మధ్యలో వాదన పెట్టుకోకు."

స్టోర్స్ ఊరి అవతల, రేకుల కప్పున్న పొడవాటి గది. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, గ్రీజు వాసన. గుమ్మం పక్కన ఒక కిటికీ, కిటికీ వెనక బల్ల, బల్ల మీద కంప్యూటరు. దాని ముందు కూర్చున్నావిడని అందరూ స్టోరక్క అంటారు. యాభై ఎనిమిదేళ్ళు. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. చిట్టిని చూసి లేవలేదు, కానీ కాలితో ఒక స్టూలు ముందుకి తోసింది.

"కూర్చో తల్లీ. నా మీద కోపంతో వచ్చావని మొహమే చెప్తోందిలే. ముందు మంచినీళ్ళు తాగు."

తొమ్మిదిన్నరకి మొదటి మెకానిక్ వచ్చాడు. తలుపు రోలరు కావాలన్నాడు. తలుపు జారడానికి పైన పట్టాలో తిరిగే చిన్న చక్రం అది. స్టోరక్క లిఫ్టు రకం విప్పింది, తలుపులు విప్పింది, పై భాగం విప్పింది, పట్టా విప్పింది. రోలరు దొరికింది. ఒకటి ఇచ్చినట్టు రాసి సేవ్ నొక్కింది. అంతే, చెట్టంతా ఒక్కసారిగా ముడుచుకుపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

వెనకే వచ్చిన రెండో మెకానిక్ అదే లిఫ్టుకి తలుపు తాళం అడిగాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి విప్పుకుంటూ వచ్చింది. త్రికోణం గోరంత కూడా లేదు. ఆవిడ బొటనవేలికి వాతం, మౌస్ వణుకుతుంది. త్రికోణం తప్పి పేరు మీద పడితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. వెనక్కి వస్తే చెట్టు మళ్ళీ ముడుచుకునే ఉంటుంది.

లోలోపలికి వెళ్ళాక ఏది దేని కిందుందో తెలియడం లేదు. ఆవిడ సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ స్కేలు తీసి తెర మీద నిలువుగా ఆనించి, ఒక కన్ను మూసి, వరస చూసుకుంది.

 పన్నెండింటి వరకూ ఆవిడ విప్పినప్పుడల్లా చిట్టి కాగితం మీద ఒక గీత పెట్టింది. ఒకే దారిని ఆవిడ ఇరవై ఆరు సార్లు విప్పింది.

"పాత జాబితాలో ఇంత కష్టం లేదా అక్కా?"

"ఉంది. కానీ ఆ కష్టం నాకు అలవాటు. ఇది పెట్టె సర్దడం అయిపోగానే ఎవరో వచ్చి బోర్లించి పోయినట్టుంది."

చిట్టికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. తన బల్ల దగ్గర ఆమె ఆ చెట్టుని వందసార్లు విప్పి చూసుకుంది. ఒక్కసారి కూడా ఏదైనా ఇచ్చినట్టు రాసి సేవ్ నొక్కలేదు.

రెండో రోజు ఫోను మోగింది. కాళ్ళకీ నడుముకీ వ్యాయామం చేయించే ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తులో పన్నెండు మంది పేషెంట్లు. మెట్లు దిగలేరు కాబట్టే అక్కడికి వచ్చినవాళ్ళు. పొడుగు మెకానిక్ అని పిలిచే అతను వెళ్ళి చూసి, పరుగున కిటికీ దగ్గరికొచ్చాడు. రోలరు విరిగిందన్నాడు.

చిట్టి తనే మౌస్ అందుకుని చకచకా విప్పింది. రోలరు దగ్గర సున్నా అని ఉంది.

"లేవు," అంది నీరసంగా.

"ఉన్నాయి," అంది స్టోరక్క. లేచి నాలుగో వరుసలోకి వెళ్ళి, నిచ్చెన ఎక్కకుండానే చెయ్యి చాచి ఒక పెట్టె తీసింది. అందులోంచి రెండు రోలర్లు అతని చేతిలో పెట్టింది. "ఒకటి వెయ్యి, ఇంకోటి దగ్గర ఉంచుకో. పరుగెత్తు."

అతను వెళ్ళాక చిట్టి తెర వైపూ పెట్టె వైపూ మార్చి మార్చి చూసింది. పెట్టె మీద వేరే లిఫ్టు రకం పేరుంది.

"ఇది ఆ లిఫ్టుది కాదు కదక్కా?"

"దానిదే, దీనిదీను. కంపెనీవాళ్ళు లిఫ్టు పేరు మార్చారు, రోలరు మార్చలేదు. రెండు నంబర్లు వేశారంతే."

"చెట్టులో ఒక్కోదానికి ఒకే చోటుంటుంది. రెండు చోట్ల పెడితే లెక్క తప్పుతుంది."

స్టోరక్క కళ్ళజోడు తీసి ఆమెకేసి చూసింది. "నేను పుట్టింట్లో చిన్నమ్మాయిని. అత్తింట్లో పెద్దకోడల్ని. రెండిళ్ళలోనూ నా పేరు చెప్పుకుంటారు. మనిషిని ఒక్కదాన్నే కదా! ఇక్కడ కాఫీ తాగితే అక్కడ కూడా తాగినట్టే."

చిట్టి స్టూలు మీంచి దిగబోయి ఆగిపోయింది. నిజమే. వస్తువు ఒక్కటే ఉండాలి, కనపడే చోట్లు రెండుండొచ్చు. ఎటునుంచి తీసినా అటూ ఇటూ కూడా తగ్గాలి.

"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయక్కా?"

"నాలుగొందల పైమాటే."

"ఎక్కడ రాసుంచారు?"

స్టోరక్క వేలితో కణత మీద తట్టి చూపించింది.

గంట తర్వాత పొడుగు మెకానిక్ ఫోను చేశాడు. అందరూ దిగారట, ఒక పెద్దాయన సరదాకి ఇంకోసారి ఎక్కి దిగాడట. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే చిట్టి తెల్లకాగితాల కట్ట తెచ్చింది. "ఆ నాలుగొందలూ చెప్పండి, రాసుకుంటాను." స్టోరక్క పది వరకూ చెప్పి ఆగింది. కళ్ళజోడు తీసి అరల వంక చూసింది.

"ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఇవన్నీ దాని కడుపులో పోసేశాక ఇక నాతో పనేంటి వీళ్ళకి?"

చిట్టి కలం పక్కన పెట్టింది. "ఏమో అక్కా, మేనేజరు మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసింది చెప్తాను. తెర మీద రోలరు పేరు కనపడుతుంది. నిన్న సాయంత్రం వచ్చిన కొత్త సరుకులో ఒకదాన్ని చేత్తో తిప్పి, ఇది నెల కూడా నిలవదు, వెనక్కి పంపించు అని మీరన్నారే, అది నేనెంత రాసినా తెరకి రాదు. ఇంకోటి, నిన్న మీరు సెలవులో ఉంటే ఆ పన్నెండు మందీ పైనే ఉండేవారు."

"నాకు సెలవెక్కడిది? ఒక్క పూట రాకపోతే ఇరవై ఫోన్లు."  కళ్ళజోడు పెట్టుకుంది. "సరే, పదకొండోది రాసుకో."

సాయంత్రం దాకా చెప్తూనే ఉంది, చిట్టి రాస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు ఆవిడ తప్పు చెప్పి, వెళ్ళి పెట్టె చూసొచ్చి, తనని తనే తిట్టుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు చిట్టి తల ఎత్తలేదు. సేవ్ చేశాక కూడా చెట్టు విప్పింది విప్పినట్టే ఉండేలా చేసింది. త్రికోణం ఒక్కటే కాకుండా ఆ వరస మొత్తం ఎక్కడ నొక్కినా విచ్చుకుంటుంది. మౌస్ అక్కర్లేకుండా బాణం గుర్తుల మీటలతోనూ తిరగొచ్చు. ఏది దేని కిందుందో తెలిసేలా సన్నటి గీతలు వచ్చాయి. రెండు చోట్ల ఉండే వస్తువు పక్కన చిన్న గొలుసు బొమ్మ ఉంటుంది. నాలుగు రోజులు పట్టించి చేసిన ఆ జారుడు సొగసుని తీసిపారేసింది. కొంచెం బాధేసింది కానీ, విప్పడం రెట్టింపు వేగమైంది.

స్టోరక్క కొత్త చెట్టు ముందు కూర్చుంది. చిట్టి వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంది. ఆవిడ బాణం మీటలతో దిగుతూ వెళ్ళింది, ఒకటి సేవ్ చేసింది, తెర వంక అనుమానంగా చూసింది. చెట్టు కదలలేదు.

"ఊఁ," అంది. ఇంకోటి చేసింది. రెండో లిఫ్టు కింద అదే రోలరు విప్పింది. అక్కడా ఒకటి తగ్గింది. "అమ్మదొంగా!" అంది. ఆ తర్వాత వరసగా ఏడు తప్పులు చూపించింది. బ్రేకు కిందికి రావలసిన స్ప్రింగు తాళ్ళ కిందికి పోయిందని చీవాట్లు పెట్టింది. చిట్టికి ఒక్క దానికీ కోపం రాలేదు.

నెల తిరిగాక స్టోరక్క పది రోజులు సెలవు పెట్టింది. సముద్రం పక్క ఊళ్ళో వాళ్ళ పెద్దక్క ఉంది. ఇద్దరూ కలిసి వారం రోజులుండి ఎన్నేళ్ళయిందో లెక్కే లేదట. కిటికీ దగ్గర పొడుగు మెకానిక్ కూర్చున్నాడు. మొదటి రోజు తడబడ్డాడు, రెండో రోజుకి చేయి తిరిగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం చిట్టి ఫోను మోగింది.

"ఏమే పిల్లా, అక్కడంతా బానే ఉందా?"

"బానే ఉందక్కా. ఏమైంది?"

"ఏమీ కాలేదు, అదే నా బాధ. నాలుగు రోజుల్నుంచి ఒక్కడూ ఫోను చెయ్యలేదు. బతికున్నానా లేనా అని అడిగే నాథుడే లేడు."

"మెకానిక్‌ల చేత ఫోను చేయించమంటారా?"

"వద్దులే. ఒక్క నిమిషం ఉండు." అవతల అలల చప్పుడు, దూరంగా ఎవరో ఆడమనిషి పిలుపు. స్టోరక్క గొంతు ఫోనుకి దూరమైంది. "వస్తున్నానే అక్కా, అరవకు! చీర తడిస్తే తడిసింది, నువ్వు ముందుకి పోకు, నేనూ వస్తున్నా!"

ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ నీళ్ళలో కేకలు పెడుతుంటే చిట్టి కాసేపు అలాగే వింటూ కూర్చుంది.